ఆడువారును ఆడించువారును

గత వేసవి సెలవులలో, కాలేజీలో చదువుచున్న మా మనుమరాలు కంప్యూటరు ముందు కూర్చుండి యొక ఆట నాడుచుండెను. తెరమీద నొక పడుచు కొండచరియల నెగబ్రాకుచు, లోయలను దాటుచు, పొదల చాటునుండి బాణములు వేయుచుండెను. నా భార్య వంటయింటినుండి వచ్చి కొంతసేపు చూచి, "ఎవరే ఆ పిల్ల?" అని యడిగినది. మనుమరాలు తల త్రిప్పకుండనే, "నేనే, అమ్మమ్మా" అని బదులు చెప్పినది. నా భార్య నవ్వి లోపలికి పోయినది గాని, ఆ "నేనే" యను మాట నా మనస్సున నాటుకొనిపోయినది.

నాటకము చూచు పిల్ల రంగస్థలముమీది సావిత్రిని జూచి "నేనే" యనదు. సినిమా చూచి తానును అట్లు కావలెనని కోరుకొనవచ్చును. అది కోరిక మాత్రమే. వీడియో ఆటలో నట్లు గాదు. బొమ్మ నడచుట మన వ్రేలివలన, నిలుచుట మన వ్రేలివలన, పడి చచ్చుట మన పొరపాటువలన. మన తోలుబొమ్మలాటలో బొమ్మ నాడించువాడు తెర వెనుకను, చూచువాడు తెర ముందును ఉందురు. ఈ యాటలో ఆ యిద్దరును ఒక్కరే. అయితే బొమ్మను కోసి రంగు వేసిన మూడవవా డొకడున్నాడు. వాడు మనకు గనబడడు. బొమ్మ చేతికి ఆయుధము నిచ్చినదియు, మేనికి వస్త్రము నిచ్చినదియు, ఈయకపోయినదియు వాడే. "ఆడువారు" అను మాటకు మన భాషలో రెండర్థము లున్నవి. ఆ రెండర్థములును ఒక్క మనిషియందు కలియుటకు నలుబదియేండ్లకు పైగా ఎట్టి చిక్కులు వచ్చినవో చెప్పుటయే యిచ్చట నా యుద్దేశము.

1980లో జపాను దేశపు నామ్కో కంపెనీవారు 'ప్యాక్‌మ్యాన్' అను ఆటను వెలువరించిరి. అప్పటి ఆటశాలలు మగపిల్లలతో నిండియుండెడివి; ఆటలలో హెచ్చుభాగము తుపాకులు, అంతరిక్షయుద్ధములు. దాని కర్తయగు తోరు ఇవాతాని, స్త్రీలును వచ్చి యాడదగిన యాట నొకదానిని చేయదలచి, వారికి తినుటయందు ప్రీతి మెండని యెంచి, నోరు తెరచి చుక్కలను మ్రింగు పసుపుపచ్చని బిళ్లను కల్పించెను. ఉద్దేశము మంచిదే, ఆటయు లోకమంతట ప్రాకినది. కాని స్త్రీకి ప్రియమైనది యేదని యంత యాలోచించి తిండి యని తేల్చుట చూచినచో నవ్వు రాకమానదు. 1982లో అమెరికాలో దానికి 'మిజ్ ప్యాక్‌మ్యాన్' అను స్త్రీరూపము వచ్చినది. బిళ్ల అదే, తలపై రిబ్బను ముడి, పెదవులకు ఎరుపు, చెంపపై పుట్టుమచ్చ చేర్చిరి. మగబిళ్లకు మగతనము దెలుపు గుర్తేదియు అక్కరలేకపోయినది. గుర్తు లేనివాడు మనిషి, గుర్తులు గలది స్త్రీ!

ఈ రెంటి నడుమ, 1981లో, నింటెండో కంపెనీ నుండి 'డాంకీ కాంగ్' వచ్చినది. షిగేరు మియమోతో కల్పించిన యీ యాటలో ఒక గొరిల్లా యొక పడుచును ఎత్తుకొనిపోయి ఇనుపదూలముల కొననెక్కి కూర్చుండును; వడ్రంగి యొకడు దొర్లివచ్చు పీపాలను దాటుచు పైకెక్కి ఆమెను విడిపింపవలెను. ఆ వడ్రంగియే తరువాతి కాలమున మారియో అను పేర జగత్ప్రసిద్ధు డయ్యెను. పడుచునకు మొదట పేరే లేదు. "లేడీ" యని మాత్రమే వ్యవహరించిరి. "రక్షింపుడు" అని కేకవేయుటకంటె ఆమెకు వేరు పని లేదు. మన సీతమ్మ లంకలో ఒంటరిగా నుండియు గడ్డిపరక నడ్డము పెట్టి రావణునకు సమాధానము చెప్పినది. ఈ పడుచునకు గడ్డిపరకయైనను దొరకలేదు.

ఆ కాలమున ఆటలు చేసిన స్త్రీలు లేకపోలేదు. ఆ 1981లోనే అటారీ కంపెనీ వెలువరించిన 'సెంటిపీడ్' అను ఆటను ఎడ్ లాగ్‌తో గూడి వ్రాసినది డోనా బెయిలీ. మరుసటి యేట 'రివర్ రెయిడ్'ను వ్రాసినది కెరోల్ షా. రోబర్టా విలియమ్స్ అను గృహిణి 1980లో భర్తతో గలిసి 'మిస్టరీ హౌస్' అను ఆటను చేసి, అది మొదలుగా పేరుగన్న గ్రంథకర్త్రివలె వెలసినది. 1988లో ఆమె తన 'కింగ్స్ క్వెస్ట్' కథల నాలుగవ భాగమున రోజెల్లా యను రాజకుమార్తెను నాయికగా నిలిపి, తండ్రి ప్రాణము గాపాడుటకు మాయాఫలము తెమ్మని పంపినది. మన కాశీమజిలీ కథలలో రాజకుమారులు చేయు పని యది. కాని యిట్టివి అరుదు. కొట్టులో సరకు కొనువాడు కుఱ్ఱవాడని వర్తకులు నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమే తరువాతి కథను నడపినది.

1986లో నింటెండోవారు 'మెట్రాయిడ్' అను ఆటను తెచ్చిరి. అందు సామస్ అరన్ అను యోధుడు ఆపాదమస్తకము లోహకవచము దాల్చి, పాతాళపు సొరంగములలో ఒంటరిగా తిరుగుచు వికృతజంతువులను సంహరించును. ఆటతోపాటిచ్చిన ఇంగ్లీషు పుస్తకములో సామస్ పురుషుడనియే వ్రాసిరి. ఆట ముగిసిన పిమ్మట యోధుడు శిరస్త్రాణము తీయును, స్త్రీ! అంతదాక నామెతో నడచి, ఆమె చేతులతో పోరాడిన మగపిల్లలు ఒక్కసారిగా ఉలికిపడియుందురు. ఇంతకంటె చక్కగా స్త్రీశౌర్యమును లోకమునకు జూపుట యెట్లని చాలమంది మెచ్చుకొనిరి. మెచ్చుకొనదగినదే.

కాని యీ కథకు మిగిలిన భాగ మొకటి గలదు. అయిదు గంటలలో ఆట ముగించినవానికే ముఖదర్శనము. మూడు గంటలలో ముగించినచో కవచమంతయు తొలగి, ఒంటికంటుకొను లఘువస్త్రముతో నామె నిలుచును. ఒక్క గంటలోపల ముగించిన మహావీరునికి ఈతదుస్తుల జతలో గనబడును. నేర్పు హెచ్చినకొలది వస్త్రము తగ్గుటయే బహుమానము. నేనీ సంగతి చెప్పగా మా మనుమరాలు క్షణమాలోచించి, "ఆడినది ఆడపిల్ల అయితే, ఆమెకేమి బహుమానం, తాతయ్యా?" అని యడిగినది. నాకు జవాబు తోచలేదు. ఆ యాట చేసినవారికి ఆ ప్రశ్నయే తోచియుండదు. గెలిచినది సామస్, గెలుపుఫలము మాత్రము ఆమెను చూచువానిది. ఆమె శౌర్యము నిజమే. అయినను అది చిట్టచివర నొకని కంటికి కానుకగా సమర్పింపబడినది.

ఈ సామస్ కథలోనే 2010లో వచ్చిన 'అదర్ ఎమ్' అను భాగము మరింత విచిత్రము. ఇందు ఆమెకు పూర్వపు సేనాపతి యగు ఆడమ్ అనునతడు తటస్థపడును. ఆయుధములన్నియు ఆమెయొద్దనే యున్నవి. కాని యతడు అనుజ్ఞ యిచ్చువరకు వానిని వాడనని యామె నియమము పెట్టుకొనును. కొలిమివంటి గదులలో ఒడలు కాలుచుండగా, వేడిని తట్టుకొను శక్తి తన కవచముననే యుండగా, ఆయన సెలవు రాలేదని యోర్చుకొని పరుగెత్తును! భర్త పంపిన మనియార్డరు డబ్బు పెట్టెలోనే యుండగా, ఆయన ఉత్తరము రాలేదని జ్వరమునకు మందు దెప్పించుకొనని యిల్లాండ్రను మనలో కొందరము చూచియున్నాము. ఇరువదినాలుగేండ్లు వీరనారిగా వెలిగిన యామె నట్టి యిల్లాలిగా చేసిరి. ఆ యాటకు వచ్చిన నిందలలో గట్టిది యిదియే.

ఇక లారా క్రాఫ్ట్ మాట. ఇంగ్లండులోని డర్బీ పట్టణమున కోర్ డిజైన్ అను సంస్థ యుండెడిది. అందు పనిచేయు టోబీ గార్డ్ అను యువకుడు ప్రాచీన సమాధులను అన్వేషించు సాహసికుని కథనొకటి తలపెట్టెను. మొదట నాయకుడు పురుషుడే. ఇండియానా జోన్స్ సినిమాల నాయకునికి మిక్కిలి దగ్గరగా నుండెనని యది మార్చిరి. దక్షిణ అమెరికా పడుచుగా నూహించి లారా క్రూజ్ అని పేరిడిరి. పిమ్మట ఇంగ్లీషు కులీనుల బిడ్డగా మార్చి లారా క్రాఫ్ట్ అనిరి. 1996లో 'టూంబ్ రెయిడర్' వెలువడినది. కథను వ్రాసిన విక్కీ ఆర్నల్డ్ స్త్రీ. ఆ లారా చదువుకొన్నది, ధనవంతురాలు, ఎవరి సెలవు నడుగనిది; రెండు చేతుల రెండు పిస్తోళ్లు ధరించి పెరూ, గ్రీసు, ఈజిప్టు దేశముల శిథిలములలో తోడేళ్లను, ఎలుగుబంట్లను ఎదిరించునది. ఆమెను రక్షించువాడు లేడు, ఆమె యెదురుచూచువాడును లేడు. ఆ రోజులలో నిది సామాన్యమైన సంగతి కాదు. లారావలన ఆటలలో దిగిన ఆడపిల్లలు ఎందరో గలరు.

అయితే ఆమె శరీరమును చెక్కినవా రెవరికొరకు చెక్కిరి? నడుము పిడికెడు, రొమ్ము మోయరానంత. పరిమాణము సరిచూచుచుండగా గార్డ్ చేయి జారి నూటికి నూటయేబదియైనదనియు, తోడివారు అదియే బాగున్నదనిరనియు నొక కథ చిరకాలముగా ప్రచారములో నున్నది. అది నిజమో, పరిహాసమో! జారిన చేతిని వెనుకకు దీయుమని చెప్పినవారు లేరనుట మాత్రము తెరపై కనబడుచునే యున్నది. ఆటగాని చూపు ఎల్లప్పుడు ఆమె వెనుకనే నడచును. ఆమె లోకమును చూచును. అతడు ఆమెను చూచును.

ఆటకంటె ప్రకటనలు మరింత దూరము పోయినవి. 1997 జూన్ నెలలో 'ది ఫేస్' అను లండను పత్రిక తన ముఖచిత్రముగా లారాను వేసినది. కాగితముపై నొక గీతయైన స్త్రీకి సినిమాతారలకు జరుగు మర్యాద జరిగినది. ఆమె వేషము ధరించి ప్రదర్శనలలో నిలుచుటకు జీతమిచ్చి యువతులను నియమించిరి. గార్డ్ 1997లోనే సంస్థను విడిచి వెళ్లెను. తన కల్పనపై తనకధికారము లేకపోవుటయు, ఆమెను విక్రయించు తీరును అతనికి సరిపడలేదు. రెండేండ్లకు, లారా వేషము వేసిన యువతి యొకతె 'ప్లేబాయ్' పత్రికకు నగ్నచిత్రములు తీయించుకొనగా, లారా పేరును ఆ పత్రిక వాడుకొనరాదని కంపెనీవారు న్యాయస్థానమున కెక్కిరి. అంగడివీధి యంతట అర్ధనగ్నముగా నిలిపినవారికి ఆమె గౌరవము జ్ఞప్తికి వచ్చిన దప్పుడు! పోయినది గౌరవము గాదు, సొత్తు.

ఇంకొక మాట చెప్పి ముందుకు సాగెదను. 1998లో వచ్చిన మూడవ భాగమున లారా మన దేశపు అడవులలోనికి దిగును; పులులను, కోతులను కాల్చుచు పాడుబడిన గుడిలోని మణిని తీసికొనిపోవును. స్త్రీ స్వేచ్ఛకు పొంగిపోవు మనము ఆ స్వేచ్ఛ యెవరి గుడిలో నడచుచున్నదో గమనించుట మంచిది. దొరసాని చేతి పిస్తోలును దొర చేతి పిస్తోలువంటిదే.

2013లో అమెరికాలోని క్రిస్టల్ డైనమిక్స్‌వారు లారాను తిరిగి చెక్కిరి. కథ వ్రాసినది రియానా ప్రాచెట్ అను రచయిత్రి. ఈ లారా ఓడ పగిలి దీవిలో పడిన యిరువదియొక్కయేండ్ల పిల్ల, పంట్లాము తొడిగినది, ఒడలు మనుష్యస్త్రీ యొడలు, ఆయుధము విల్లు. మా మనుమరాలు ఆడుచుండిన దిదియే. కాని ఆట వెలువడుటకు ముందు, 1912 నాటి మాట గాదు, 2012 జూన్ నెలలో, దాని నిర్మాతలలో నొకడు పత్రికవారితో మాటలాడుచు, ఆడువారు లారాయందు తమ్ము తాము చూచుకొనరనియు, ఆమెను కాపాడవలెనని కోరుదురనియు చెప్పెను. ఆమెపై జరుగు బలాత్కారప్రయత్నమును గూర్చిన ప్రస్తావనయు నప్పుడే వచ్చి పెద్ద గందరగోళమైనది. నాకు ఆ ప్రస్తావనకంటె మొదటి మాటయే యెక్కువగా తగిలినది. "నేనే, అమ్మమ్మా" అను గొంతు ఆయన లెక్కలోనే లేదు. ఆట నాడువాడు మగవాడు. బొమ్మకు బట్టలు మార్చినను ఆ లెక్క మారలేదు.

ఇట్టి వానిని నిషేధింపరాదా యని మన చదువరులలో చాలమంది యడుగుదురు. నిషేధపు ప్రయత్నములు జరిగినవి. 1982లో ఆదిమ అమెరికా జాతి స్త్రీపై బలాత్కారమునే ఆటగా చేసి యొక అమెరికా కంపెనీ అమ్మగా, స్త్రీసంఘములును ఆ జాతులవారును వీధినబడి నిరసించిరి. వారి కోపము ధర్మము. 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో లీబర్‌మన్, కోల్ అను సభ్యులు జరిపిన విచారణలో 'నైట్ ట్రాప్' అను ఆట ప్రధాననిందితమైనది. ఒక యింటిలో చేరిన యువతులను రహస్యపు కెమేరాలద్వారా చూచుచు, రాబోవు ఆపదనుండి వారిని కాపాడుట దాని వస్తువు. వారిని చంపుటయే ఆటయని పొరపడి చాలమంది దుయ్యబట్టిరి. చాటునుండి చూచుట యను అసలు సంగతి మాత్రము మరుగున బడినది. మరుసటి యేట ఆటలపై వయస్సు గుర్తులు వేయు సంఘమొకటి యేర్పడినది. ఆ గుర్తులవలన తల్లిదండ్రులకు మేలే జరిగినది.

2011లో అమెరికా సుప్రీముకోర్టు, హింసాత్మకమైన ఆటలను పిల్లలకు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన శాసనమును కొట్టివేసినది. ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. భిన్నాభిప్రాయము వ్రాసిన బ్రేయర్ అను న్యాయమూర్తి మనకు పనికివచ్చు నొక సంగతి నెత్తి చూపెను. పదమూడేండ్ల బాలునికి నగ్నస్త్రీ బొమ్మ గల పత్రికను అమ్మకుండ చట్టము నిరోధింపవచ్చును. అదే బాలుడు ఒక స్త్రీని కట్టివేసి, నోరు మూసి, హింసించి చంపునట్టి ఆటను మాత్రము నిరోధింపరాదా యని యాతని ప్రశ్న. స్త్రీ శరీరము కనబడుట నేరము. ఆ శరీరము చీల్చబడుట వినోదము. ఇది యొక్క అమెరికావారి లెక్క యని నే ననుకొనను.

నిషేధమనగానే నాకు వేరొక భయము గలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరిలో ముద్దుపళని వ్రాసిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించగా, మరుసటి యేడే దొరతనమువారు అశ్లీలమని నిషేధించిరి. అంతకు ముందే వీరేశలింగము పంతులవారంతటివారు ఆ కావ్యమును నిందించియుండిరి. అంతకంటె ముదురు శృంగారము వ్రాసిన పురుషుల ప్రబంధములు పాఠశాలలలో నడచుచునే యుండెను. స్త్రీ తన నోట తన కోరికను చెప్పుట మాత్రమే సహింపరాని దైనది. ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము వచ్చినదాక ఆ నిషేధము తొలగలేదు. సంస్కర్తల సంతతివారము మనము. మన పెద్దలు చేసిన పొరపాటు మనకు తెలియవలెను. నిషేధపు కత్తి ఎవరి చేతికిచ్చినను మొదట తెగునది స్త్రీ నాలుకయే.

అట్లు నాలుక తెగగోయు ప్రయత్నము 2012లో చట్టముతో బని లేకుండనే జరిగినది. అనితా సర్కీసియన్ అను విమర్శకురాలు, ఆటలలో స్త్రీపాత్రలు మరల మరల నొకే మూసలో పోయబడుచున్నవని చూపు ఉపన్యాసచిత్రములను చేయదలచి 6,000 డాలర్ల చందా వేడినది. బెదిరింపులు, బూతులు వెల్లువెత్తినవి. ఆమె ముఖముపై గుద్దుటయే ఆటగా నొకడు చిన్న ఆటను గూడ చేసెను. దానిని చూచి లోకము చందాలు పంపగా మొత్తము 1,58,000 డాలర్లు దాటినది. 2013 మార్చిలో వెలువడిన మొదటి చిత్రమునకు వస్తువు ఆపదలోని అబల. 'డాంకీ కాంగ్' పడుచు అందున్నది. 2014 అక్టోబరులో యూటా రాష్ట్రపు విశ్వవిద్యాలయమున ఆమె ఉపన్యసింపవలసియుండగా, తుపాకులతో సభను చంపెదమని బెదిరింపుజాబు వచ్చినది. అనుమతి గలవారు సభలోనికి తుపాకి తేకుండ ఆ రాష్ట్రచట్టమును బట్టి ఆపజాలమని యధికారులు చెప్పగా, ఆమె ఉపన్యాసము మానుకొన్నది. ఆమె ఒక్క ఆటనైనను నిషేధింపుమని కోరలేదు. చూచి చెప్పినది, అంతే. ఎల్లప్పుడు చూడబడుచుండినది తిరిగి చూచుట కొందరికి భరింపరానిదైనది.

స్త్రీలలో సయితము ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. 2009లో వచ్చిన 'బయొనెట్టా'లో నాయిక మంత్రగత్తె. ఆమె కేశములే వస్త్రములు, పోరాడునపుడు అవి ఆయుధములై ఒడలు బయలుపడును. ఆమె రూపమును గీసినది మారి షిమజాకి అను స్త్రీయే. అది కామినీప్రదర్శనమని కొందరును, తన సౌందర్యమును తానే యేలుకొను స్త్రీ యని కొందరును వాదించిరి. నే నా ఆట చూచినంతవరకు కెమేరా ఏలినంతగా ఆమె ఏలలేదు. మా మనుమరాలు దీని కొప్పుకొనదు.

2020లో 'ది లాస్ట్ ఆఫ్ అజ్' రెండవ భాగమున ఆబీ యను స్త్రీ వచ్చినది. కండలు దేరిన భుజములు, గనిలో పనిచేయువానివంటి చేతులు. ఆడది అట్లుండదని వేలమంది కోపించిరి. ఆమెకు గొంతునిచ్చిన నటి లారా బెయిలీకి చంపెదమని జాబులు వచ్చినవి. పిడికెడు నడుముతో ఎలుగుబంటిని గెలిచినపుడు స్త్రీ అట్లుండదని కోపించినవా రెందరు?

ఆ యేడే పూణేలోని నాడింగ్ హెడ్స్ అను చిన్న సంస్థవారు 'రాజీ' యను ఆటను ప్రకటించిరి. ప్రాచీన భారతదేశమున, రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు, దుర్గ వరమున త్రిశూలము పట్టిన సర్కసు పిల్ల కథ యది. ఎత్తుకొనిపోబడినవాడు తమ్ముడు, వెదకునది అక్క. చిన్న యాట, నాలుగైదు గంటలలో ముగియును. కొన్నిచోట్ల కుంటుపడును గూడ. ముగించినవారికి ఆ పిల్ల ఏ వస్త్రమును విడిచి చూపదు.

మా మనుమరాలు సెలవుల చివర దానిని గూడ ఆడినది. ఆట ముగిసిన తరువాత తెరపై దొర్లు పేర్ల పట్టికను కడదాక చదువుట ఆమె కలవాటు. అందు స్త్రీల పేర్లను వ్రేళ్లపై లెక్కపెట్టుచుండగా, నా భార్య అన్నమునకు రమ్మని మూడవసారి పిలిచినది.